గాట్‌విక్: ఒక మేకలదొడ్డి పేరు

మనము దినదినమును పలుకు మాటలలో ఊళ్ల పేర్లంత నిర్విచారముగా పలుకు మాటలు వేఱొకటి లేవు. బిడ్డకు పేరు పెట్టునపుడు తల్లిదండ్రులు పదిమందితో ఆలోచింతురు. ఊరికి పేరు పెట్టినవారెవరో, ఏ కాలమున పెట్టిరో, ఏ యర్థముతో పెట్టిరో విచారించువారు మిక్కిలి అరుదు. అయినను ఏ యూరిపేరును మొదట అర్థములేని శబ్దముగా పుట్టలేదు. పెట్టినవానికి దాని యర్థము కరతలామలకమే. తరువాత భాష మాఱెను, పలుకుబడి మాఱెను, వ్రాత మాఱెను. శబ్దము మిగిలెను, అర్థము మఱుగుపడెను. ఆ మఱుగుపడిన యర్థమును తిరిగి వెలికిదీయు విద్య యొకటి కలదు. ఒక్క ఇంగ్లీషు పేరును ఉదాహరణముగా గైకొని ఆ విద్య పనిచేయు తీరును చదువరులకు తెలియజేయుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఆ పేరు గాట్‌విక్. లండను నగరమునకు దక్షిణముగా సుమారు 28 మైళ్ల దూరముననున్న గొప్ప విమానాశ్రయము పేరిది. 2019వ సంవత్సరమున ఇచ్చటినుండి నాలుగున్నర కోట్లకు మించిన ప్రయాణికులు రాకపోకలు సల్పిరి. విదేశములకు పోవు మన తెలుగువారికిని ఈ పేరు క్రొత్తది కాదు. టిక్కెట్టుమీద ఆ పేరు చదివినవారిలో దాని యర్థము నెఱిగినవారెందరు? గాట్‌విక్ అనగా మేకలదొడ్డి. ఒకానొక కాలమున మేకలను పెంచి, పాలు పిదికి జీవించిన రైతుల చిన్న పాడిదొడ్డికి పెట్టిన పేరే నేడు విమానముల రేవుకు చెల్లుచున్నది. ఇది కట్టుకథ కాదు. ఏ యాధారములచేత ఇట్లు చెప్పగలిగిరో క్రమముగా చూతము.

మొట్టమొదట ఒక చిక్కు విడదీయవలెను. పొలమును, పశువుల కొట్టమును, రైతు ఇంటిని కలిపి ఇంగ్లీషువారు నేడు ఫారము అందురు. ఇది దొడ్డి పేరే యైనచో దానిలో ఆ మాట యేల లేదని విద్యార్థి యడుగవచ్చును. ఫారము అను మాట ఫ్రెంచి భాషనుండి ఇంగ్లీషులోనికి వచ్చినది. మొదట దాని యర్థము ఏటేట చెల్లింపవలసిన నిర్ణీతమైన శిస్తు. పిమ్మట ఆ శిస్తుకు కౌలుకిచ్చిన భూమికి ఆ పేరు వచ్చెను; ఆ తరువాతనే సాగుచేయు క్షేత్రమునకెల్ల వాడుకయయ్యెను. కావున అంతకు పూర్వము పుట్టిన దొడ్ల పేర్లలో ఫారము అను మాట యుండదు. వానికి బదులుగా టూన్, వర్త్, థార్ప్, విక్ మొదలగు ప్రాచీన పదములుండును. నేడు పట్టణమను నర్థమిచ్చు టౌను అను మాటయు ఆ టూన్ అను పదమే. మొదట దాని యర్థము కంచెవేసిన ఆవరణము, దొడ్డి, పల్లె.

మన పేరులోని రెండవ భాగము విక్. ఇది లాటిను భాషలో పేట, పల్లె అను నర్థముగల వీకుస్ అను పదమునుండి ప్రాచీనాంగ్లమున ప్రవేశించినది. ఆ లాటిను పదమునకును, సంస్కృతమున నివాసార్థకములగు వేశము, వేశ్మము అను పదములకును మూలధాతువొకటేయని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. మన కావ్యములలో ఇంటిని వేశ్మమనుట చదివియుందుము. ఇంగ్లీషు మేకలదొడ్డిలోని విక్‌కును మన కావ్యములలోని వేశ్మమునకును ఇట్టి దూరపు బంధుత్వమున్నదని తెలియుట ఆనందదాయకము గదా!

ఇంగ్లాండులో విక్ అను పదము పెక్కు చోట్ల ఒక్క ప్రత్యేకార్థమున వాడబడెను. ఏదో యొక సరకునకు గాని, ఒక జాతి పశువులకు గాని ప్రసిద్ధిచెందిన దొడ్డి అని దాని భావము. లండనులోని చిజిక్ అను పేటను తీసికొనుడు. వ్రాతలో డబ్ల్యు అను నక్షరమున్నను పలుకుబడిలో వినబడదు. దాని యర్థము జున్నుగడ్డ చేయు దొడ్డి. అనగా ఛీజు విక్. ఉత్తరదేశమున సరస్సుల నడుమనున్న కెజిక్ అను పట్టణము పేరునకును అదియే యర్థము. దక్షిణమున చకారముగా మాఱిన ధ్వని, డేనులును నార్వేవారును వచ్చి స్థిరపడిన ఉత్తరమున ఆ పరదేశీయుల పలుకుబడిచే కకారముగా నిలిచెను, ఇంతమాత్రమే భేదము. బట్టర్‌విక్ అనగా వెన్న తీయు దొడ్డి. హార్డ్‌విక్ అనగా మందలుండు దొడ్డి. బెరిక్ అనగా యవధాన్యపు దొడ్డి. షాప్‌విక్ అనగా గొఱ్ఱెల దొడ్డి. ఇట్లు తోబుట్టువులనందఱను ఒక్కచోట నిలిపి చూచినపుడు ఆ కుటుంబపు పోలిక తెలియును. జున్ను, వెన్న, ధాన్యము, గొఱ్ఱె: విక్‌కు ముందు సాధారణముగా నిలుచునవి ఇట్టి పదములు.

అయితే విక్ అని గాని, విచ్ అని గాని కనబడినచోట్లనెల్ల దొడ్డి యని తలపరాదు. ఇప్స్‌విచ్ వంటి రేవుపట్టణముల పేర్లలో అదే పదము వర్తకస్థానమను నర్థమున నున్నది. కావున తోబుట్టువుల పోలిక దారి చూపునే కాని తీర్పు చెప్పదు. తీర్పు చెప్పవలసినది మొదటి భాగమును పరీక్షించిన తరువాతనే.

మొదటి భాగము గాట్. దీనికి మూడు మూలములను ఊహింపవచ్చును. మొదటిది, గేటు, అనగా ద్వారము. నేటి ఇంగ్లీషు మాత్రము తెలిసినవారు వెంటనే దీనినే చెప్పుదురు. రెండవది, స్కాండినేవియనుల భాషలో వీధి యని యర్థమిచ్చు గాట అను పదము. యార్కు నగరమున స్టోన్‌గేట్ మొదలగు పెక్కు వీధుల పేర్ల చివరనున్న గేట్ ఈ పదమే. ఆ పేర్లలో దాని యర్థము వీధియే కాని తలుపు కాదు. మూడవది, ప్రాచీనాంగ్లమున మేక యని యర్థమిచ్చు గాట్, నేటి గోట్.

ఈ మూటిలో వీధి యను నర్థము మొదట తొలగిపోవును. స్కాండినేవియనులు నివసించినది ఉత్తరమునను తూర్పునను; గాట్‌విక్ ఉన్న సరే మండలము వారి నివాసభూమి కాదు. ఇక ద్వారమను నర్థము. ప్రాచీనాంగ్లమున ద్వారమను పదము ఏకవచనమున గకారముతో గాక యకారముతో పలుకబడుచుండెను. గ్లాస్టరు మండలమున యేట్ అను నూరి పేరు ఆ పలుకుబడికి నేటికిని సాక్షి. పైగా విక్ అను పదము పశువులతోను పాడిసరకులతోను కూడుట పరిపాటియని పైన చూచితిమి. ఈ కారణములన్నియు మేకవైపునకే మొగ్గుచున్నవి.

మేక యను మాట ఊరిపేరులో చేరి ఇట్లు మాఱువేషము వేయగలదా యని సందేహించువారికి ఉత్తరదేశము నుండి యొక ప్రబలసాక్ష్యమున్నది. టైను నదీతీరమున న్యూకాసిలు నగరమునకెదురుగా గేట్స్‌హెడ్ అను పట్టణము కలదు. చూచువారికి ద్వారమును, తలయు కనబడును. కాని 731వ సంవత్సరమున ముగింపబడిన తన చరిత్రగ్రంథమున బీడు అను సన్న్యాసి ఆ స్థలమును లాటినున పేర్కొనుచు, మేకతల యొద్ద అని యర్థమిచ్చు మాటలతో దానిని అనువదించెను. నదివైపునకు చొచ్చుకొనివచ్చిన కొండకొమ్మునకు మేకతల యని పేరుండెనన్న మాట. పేరును వ్రాసినవాడు అర్థమును గూడ వ్రాసియుంచుట మిక్కిలి అరుదు. బీడు ఆ రెండు లాటిను పదములను వ్రాయకుండినచో నేడు ఎందరో ఆ పట్టణమున లేని ద్వారమును వెదకుచుందురు.

ఇట్టి పేర్లు మఱికొన్ని కలవు. వైటు ద్వీపమున గాట్‌కూమ్ అనగా మేకల లోయ. నాటింగ్‌హాము మండలమున గోథమ్ అనగా మేకలను పెంచు నివాసము. 1086లో నార్మను రాజగు విలియము చేయించిన దేశపు లెక్కలో, అనగా డూమ్స్‌డే గ్రంథమున, ఈ గోథమ్ పేరు ఓకారముతో గాక ఏ అను నక్షరముతో వ్రాయబడియున్నది. అమెరికా గ్రంథకర్తయగు వాషింగ్టను ఇర్వింగు 1807లో న్యూయార్కు నగరమునకు పరిహాసముగా పెట్టిన పేరు ఈ గోథమే.

ఇచ్చట తెలివిగల విద్యార్థికి ఒక ప్రశ్న తోచును. ప్రాచీనకాలపు గాట్ నేడు గోట్ అయినది. గోథమ్‌లోను ఓకారమే వచ్చినది. మఱి గాట్‌విక్ ఏల గోట్‌విక్ కాలేదు? ఈ ప్రశ్నకు సమాధానము శబ్దశాస్త్రమున నున్నది. ప్రాచీనాంగ్లమునందలి దీర్ఘమైన ఆకారము సుమారు 1200 ప్రాంతమున దక్షిణ మధ్యదేశములలో ఓకారముగా మాఱెను. రాయి యని యర్థమిచ్చు స్టాన్ అను పదము స్టోన్ అయ్యెను. ఇల్లు అను నర్థముగల హామ్ హోమ్ అయ్యెను. గాట్ గోట్ అయ్యెను. కాని అచ్చునకు వెంటనే రెండు హల్లులు కూడివచ్చినచోట ఆ దీర్ఘము అంతకుముందే హ్రస్వమైపోయెను. హ్రస్వమునకు ఈ మార్పు కలుగలేదు. అందుచేతనే రాతినేలమీది పల్లె యని యర్థముగల ఊళ్లు స్టోన్‌టన్ కాక స్టాంటన్ అనియే నిలిచినవి. గాట్ అను పదమునకు విక్ చేరగా టకార వకారములు కూడెను, దీర్ఘము హ్రస్వమయ్యెను, ఓకారము రాలేదు. ఆ హ్రస్వధ్వనికి మన లిపిలో వేఱక్షరము లేకుండుటచే మనము గా అని దీర్ఘముగా వ్రాయుచున్నాము గాని ఇంగ్లీషువారు దానిని హ్రస్వముగనే పలుకుదురు.

ఇక వర్ణక్రమము సంగతి. గాట్‌విక్ పేరు మనకు మొదట కనబడునది 1241వ సంవత్సరపు వ్రాతలో. నేడు ఆ పేరు చివర సి, కె అను రెండక్షరములు వ్రాయుచున్నారు. 1241 నాటి వ్రాతలో కె యొక్కటియే యున్నది. మధ్యయుగములలో ఇంగ్లీషు మాటలకు స్థిరమైన వర్ణక్రమము లేదు. రాజోద్యోగులును మఠములలోని లేఖకులును లాటినున పత్రములు వ్రాయుచు, ఊరిపేరు వచ్చినపుడు చెవికి వినబడినట్లు వ్రాసెడివారు. కావున ఒక్క పేరునకే ఒక్క శతాబ్దమున పలురూపములు కనబడును.

అందులోను 1066లో ఇంగ్లాండును జయించిన నార్మనుల లేఖకులకు ఫ్రెంచి పలుకుబడి అలవాటు. ఇంగ్లీషువారి వకారమునకు ప్రాచీనలిపిలో విన్ అను ప్రత్యేకాక్షరముండెను. అది నార్మనుల లిపిలో లేదు. వారు యు అను నక్షరమును రెండుమాఱులు వ్రాసి పని గడపుకొనిరి. డార్సెట్టు మండలమునందలి షాప్‌విక్ పేరును డూమ్స్‌డే గ్రంథమున వ్రాసినపుడు విక్ అను భాగమును యు, యు, ఐ, సి అను నాలుగక్షరములతో వ్రాసిరి. డబుల్ యు అని మనము బడిలో చదువు అక్షరమునకు ఆ పేరు వచ్చుటకు ఇదియే కారణము.

ఇట్టి యనుభవము తెలుగువారికి క్రొత్తది కాదు. కంపెనీవారి గుమాస్తాలు ఏలూరును ఎల్లూర్ అనియు, కడపను కడ్డప్పా అనియు, విశాఖపట్టణమును విజగపటం అనియు వ్రాసికొనిన రీతిగనే నార్మను గుమాస్తాలు ఇంగ్లీషు ఊళ్ల పేర్లను వ్రాసికొనిరి. కడప పేరు ఇంగ్లీషు వ్రాతలో 2005లో గాని సవరింపబడలేదు. ఇంగ్లీషు ఊళ్లలో పెక్కింటికి అట్టి సవరణము జరుగలేదు. అచ్చుయంత్రము వచ్చి, నిఘంటువులు పుట్టి, పటములు గీయబడు వేళకు ఏ రూపము వాడుకలోనుండెనో అదియే స్థిరపడెను. కావుననే నేటి వర్ణక్రమమును నమ్మి అర్థము చెప్పువాడు మోసపోవుచున్నాడు.

ఈ విద్యను శాస్త్రరీతిగా సాగించుటకు 1923లో ఇంగ్లీషు స్థలనామ సంఘము స్థాపింపబడెను. వారు మండలమండలమునకు దానశాసనములు, పన్నుల పట్టీలు, న్యాయస్థానముల చుట్టలు వెదకి, ప్రతి యూరిపేరునకును దొరకిన ప్రాచీనరూపములను సంవత్సరములతో సహా వరుసగా ప్రకటించుచున్నారు. సరే మండలపు సంపుటము 1934లో వెలువడెను. వారి పద్ధతిని మూడు సూత్రములుగా చెప్పవచ్చును. మొదటిది, నేటి రూపమును గాక దొరకినంతలో అతిప్రాచీనమైన రూపమునే ప్రమాణముగా గొనవలెను. రెండవది, అట్టి పేర్లనే మఱికొన్నింటిని దానితో పోల్చి చూడవలెను. మూడవది, చెప్పిన యర్థము ఆ నేలకు పొసగుచున్నదా యని విచారింపవలెను. చదునైన నేలమీది యూరికి కొండపల్లె యని యర్థము చెప్పిన పండితుని ఆ యూరి రైతు నవ్వును.

మూడవ సూత్రముచే గాట్‌విక్‌ను పరీక్షింతము. ఆ ప్రదేశము వీల్డు అను విశాలమైన బంకమట్టి నేలలోనిది. పూర్వము అది దట్టమైన అడవి. ప్రక్కనున్న గ్రామము పేరు చార్ల్‌వుడ్. దాని యర్థము సామాన్యరైతుల అడవి. గాట్‌విక్ ఆ గ్రామపు ఎల్లలోనిదే. దక్షిణముననున్న క్రాలీ పేరునకు అర్థము కాకులు వ్రాలు మైదానము, అనగా అడవి నఱికి బయలుచేసిన చోటు; ఆ పేరు 1203 నాటి వ్రాతలో దొరకుచున్నది. రైతుల అడవి, కాకుల బయలు, మేకలదొడ్డి: ఈ మూడు పేర్లను కలిపి చదివినచో ఆనాటి దేశము కన్నులకు కట్టినట్లుండును. బంకనేల నాగలికి కష్టము; పొదలు మేకకు విందు. చెట్టు కొట్టి పొద మిగిలినచోట మేకను పెంచి బ్రదుకుట ఆ బీదరైతులకు సహజమే. కావున పేరును నేలయు ఒకదానికొకటి సాక్ష్యమిచ్చుచున్నవి.

తరువాతి చరిత్ర అందఱెఱిగినదే. 1841లో లండనునుండి బ్రైటనుకు పోవు ఇనుపదారి ఆ చుట్టుపట్ల వేయబడెను. 1891లో గాట్‌విక్‌లో గుఱ్ఱపుపందెముల మైదానము తెఱవబడెను. మొదటి మహాయుద్ధకాలమున, 1916 మొదలు 1918 వఱకు, లివర్‌పూలుచెంత జరుగవలసిన గ్రాండు నేషనలు పందెమునకు బదులు పందెములు ఇచ్చటనే జరిగినవి. 1930లో ఆ మైదానముప్రక్కనున్న పొలము చిన్న విమానములు దిగుచోటుగా మాఱెను; ఆ పొలములోని పాత రైతుయిల్లే విమానికుల క్లబ్బు అయ్యెను. 1936లో తేనెపట్టు అను నర్థముగల బీహైవ్ అను పేరుతో గుండ్రని కట్టడము వెలసెను. 1940లో పందెములు ఆగిపోయినవి. 1958 జూను నెలలో రెండవ ఎలిజబెత్తు రాణి క్రొత్త విమానాశ్రయమును ప్రారంభించెను. 1974లో ఆ భూభాగము సరే మండలమునుండి పడమటి ససెక్సు మండలములోనికి మాఱెను. దొడ్డి పోయెను, పందెముల మైదానము పోయెను, మండలమే మాఱెను. పేరు మాత్రము ఏడువందల యెనుబది యేండ్లకు పైగా చెదరలేదు.

చదువరులారా! రాజుల పేర్లు రాతిమీద చెక్కబడును. వారి విజయములు కావ్యములలో పాడబడును. అడవిలో మేకలు మేపినవాని పేరును ఎవరు వ్రాయుదురు? వాని పేరు మనకు తెలియదు. కాని వాడు చేసిన పని నేలకు పేరై నిలిచినది. అక్షరము నెఱుగని కాపరి తనకు తెలియకయే ఒక శాసనము వ్రాసిపోయెను. దానిని చదువగలుగుట పండితుల పని. దానిని చెఱుపకుండుట అందఱి పని.

కావున మన విద్యార్థులకు ఈ వ్యాసమువలన గలుగవలసిన ఫలము రెండు విధములు. మీ యూరిపేరునకు ఎవరైన ఒక చక్కని కథ చెప్పినచో వెంటనే నమ్మకుడు, వెంటనే త్రోసిపుచ్చకుడు. ఈ పేరు అన్నిటికంటె పాతశాసనములో ఎట్లున్నదని అడుగుడు. దేవాలయపు స్తంభముమీదనో, తామ్రశాసనముమీదనో ఆ రూపము దొరకవచ్చును. రెండవది, ఊరిపేరు ఏదో యొక కాగితముమీద నిలుచును గాని, చేనిపేరు, గుంటపేరు, దిబ్బపేరు, పాత బాటపేరు తాతలతోనే పోవును. సెలవులకు ఇంటికి పోయినపుడు మీ తాతగారిని, అవ్వగారిని అడిగి ఒక చిన్న పుస్తకమున ఆ పేర్లను వారు పలికినట్లే వ్రాసికొనుడు. దిద్దవద్దు, సంస్కృతీకరింపవద్దు. పేరు ప్రక్కన చోటును, చెప్పినవారి వయస్సును, సంవత్సరమును వ్రాయుడు. 1241లో ఒక గుమాస్తా చేసిన పనియు ఇంతమాత్రమే: వినినదానిని వినినట్లు వ్రాసి క్రింద సంవత్సరము వేసెను. ఆ యొక్క పంక్తి యుండుటచేతనే నేడు విమానముల హోరులో మనకు మేకల సంగతి తెలియుచున్నది.